పాదాల కొలతలు, తేడాలు: మా చెప్పుల కొట్టులో తరచుగా అడిగే ప్రశ్నలు

చెప్పులు కొనడానికి వచ్చినవాళ్ళు సైజు ఒక్కటే అడిగి ఊరుకోరు. ఒక కాలు పెట్టి చూసుకుని, "నా పాదం ఇలా ఎందుకుందండీ?" అని మొదలుపెడతారు. పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. మా పని కొలవడం, వైద్యం కాదు. డాక్టరుకి చూపించాల్సిన చోట ఆ మాటే చెప్పాం.

మనిషి ఎత్తుకీ పాదం పొడవుకీ ఏమన్నా లెక్క ఉందా?

ఉంది. పెద్దవాళ్ళలో పాదం పొడవు ఎత్తులో దాదాపు 15 శాతం ఉంటుంది. 5 అడుగుల 5 అంగుళాల మనిషి, అంటే 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి పాదం 25 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుందన్నమాట. ఒకే ఎత్తున్న ఆడ, మగ ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే సాధారణంగా ఆడవాళ్ళ పాదం కొంచెం చిన్నది. పూర్వం రోములో విట్రూవియస్ అనే వాస్తుశిల్పి పాదం ఎత్తులో ఆరో వంతు అని రాశాడు. లియొనార్డో డావిన్చీ ఏడో వంతు అన్నాడు. అసలు లెక్క ఇద్దరికీ మధ్యలో ఉంది.

అయితే ఈ లెక్క పట్టుకుని చెప్పులు కొనకండి. ఇది వందలమందిని కొలిచి తీసిన సగటు. ఒకే ఎత్తున్న ఇద్దరు అన్నదమ్ముల పాదాల మధ్య 2 సెంటీమీటర్ల తేడా ఉన్నా వింతేమీ కాదు, చెప్పుల్లో అది రెండు సైజుల పైమాటే. ఫోన్ చేసి "మా వాడు ఆరడుగులుంటాడు, ఒక జత పంపెయ్యండి" అనేవాళ్ళకి మేం పంపం.

మోచేతి నుంచి మణికట్టు దాకా ఎంతో పాదం అంతే అంటారు. నిజమా?

చాలామందికి దగ్గర దగ్గరగా సరిపోతుంది. మోచేతి మడత నుంచి మణికట్టు మడత వరకు, లోపలివైపు కొలవాలి. సరదాకి బాగుంటుంది కానీ సెంటీమీటరు తేడా వచ్చిందని టెన్షన్ పడకండి.

మరి "అడుగు" అంటే ఎవరి అడుగండీ? నా పాదం అంత లేదే!

మీదే కాదు, మా కొట్టుకి వచ్చేవాళ్ళలో ఎవరిదీ అంత లేదు. కొలతల అడుగు 30.48 సెంటీమీటర్లు. అంత పాదం ఉన్న మనిషికి 13 నంబరు బూటు కావాలి, అది మేం తెప్పించం కూడా.

దీనివల్ల ఇంకో చిక్కుంది. మడమకి వేళ్ళు ఆనించి అడుగు వెనక అడుగు వేస్తూ పెరడో, చేను గట్టో కొలిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీ పాదం 25 సెంటీమీటర్లయితే, మీరు 40 అని లెక్కపెట్టిన చోట టేపు పెడితే 33 అడుగులు కూడా రాదు. గట్టు తగువుల్లో ఇద్దరూ కొలిచి, ఇద్దరూ నిజమే చెప్పి, లెక్క మాత్రం కుదరకపోవడానికి ఇదో కారణం కావచ్చు.

పెట్టె మీద 8 అని, 42 అని, 26.5 అని మూడు నంబర్లుంటాయి. దేన్ని నమ్మాలి?

సెంటీమీటర్లదాన్ని నమ్మండి. అది ఒక్కటే మీ పాదం కొలత. కొన్ని పెట్టెల మీద మిల్లీమీటర్లలో 265 అని ఉంటుంది, అదీ ఇదే.

మిగతా రెండూ బూటు కుట్టే అచ్చు కొలతలు. ఆ అచ్చు పాదం కన్నా సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవుంటుంది, వేళ్ళు ఆడటానికి. మనకి అలవాటైన 6, 7, 8 నంబర్లు ఇంగ్లండు పద్ధతివి. ఒక్కో నంబరుకి మూడో వంతు అంగుళం పెరుగుతుంది, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. పూర్వం వాళ్ళు దాన్ని ఒక బార్లీ గింజ పొడవుగా లెక్కేసేవాళ్ళు. 40, 41, 42 యూరప్ నంబర్లు. అక్కడ ఒక్కో నంబరుకి సెంటీమీటరులో మూడింట రెండు వంతులే పెరుగుతుంది. ఒకటి 8.5, ఇంకొకటి 6.7 చొప్పున పెరుగుతూ పోతే రెండూ ఎక్కడా సరిగ్గా కలవవు. 8 నంబరు అచ్చు 42కి దాదాపు సరిపోతుంది, 7 నంబరు మాత్రం 40కీ 41కీ మధ్యలో పడుతుంది. కంపెనీ వాళ్ళు తమకి తోచినవైపు సరిపెట్టి అచ్చేస్తారు. ఒక కంపెనీ 7 సరిపోయి ఇంకో కంపెనీ 7 బిగుతైతే తప్పు మీ కాలిది కాదు.

మా బాబుకి పోయినేడాది 13 కొన్నాం. ఇప్పుడు 1 అంటున్నారు. కాలు తగ్గిందా ఏంటి?

లేదండి, ఎదిగింది. ఇంగ్లండు పద్ధతిలో పిల్లల నంబర్లు 13 దాకా వెళ్ళి అక్కడితో అయిపోతాయి. తర్వాత పెద్దవాళ్ళ 1 మొదలవుతుంది.

మన దేశానికి సొంత సైజు వస్తుందని పేపర్లో చదివాం. ఏంటది?

దాని పేరు "భా", భారత్‌లోని భా. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. దాని మీద ఆధారపడి, పసిపిల్లల నుంచి పెద్దవాళ్ళ దాకా వయసుని బట్టి ఎనిమిది విభాగాలుగా కొత్త కొలతలు ప్రతిపాదించారు. అర సైజులు అక్కర్లేదన్నారు. ప్రాంతానికో కొలత కూడా అక్కర్లేదని తేలింది. మన గోదావరి వాడికీ పంజాబువాడికీ ఒకే అచ్చు సరిపోతుందన్నమాట.

అన్నిటికన్నా మాకు నచ్చిన మాట ఇంకోటుంది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కన్నా వెడల్పని ఆ కొలతల్లో తేలింది. కొట్టులో కూర్చున్న ఎవర్నడిగినా ఇదే చెబుతారు. కానీ లక్షమందిని కొలిచి చెబితే ఆ లెక్కే వేరు.

అదే అడగబోతున్నా. పొడవు సరిపోతుంది, ముందువైపు పట్టేస్తుంది. ఎందుకు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాం.

పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉండేది వేళ్ళ మొదళ్ళ దగ్గర. బొటనవేలి మొదట్లో ఉండే ఎముక గుబ్బ నుంచి చిటికెన వేలి మొదట్లో ఉండే గుబ్బ దాకా కొలిస్తే, సాధారణంగా అది పాదం పొడవులో 38 నుంచి 40 శాతం. 25 సెంటీమీటర్ల పాదానికి వెడల్పు 9.5 నుంచి 10 సెంటీమీటర్లు. మడమ వెడల్పు అందులో దాదాపు మూడింట రెండు వంతులు. ఇవి సగటు లెక్కలు. సన్నని మడమ, వెడల్పాటి ముందుభాగం ఉన్నవాళ్ళు మా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్ళకి బూటు ముందు నొక్కుతుంది, వెనక జారుతుంది.

వెడల్పులో పుట్టుకతో వచ్చింది కొంత, అలవాటుతో వచ్చింది కొంత. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళ పాదాలు వెడల్పుగా ఉంటాయని, నడిచేటప్పుడు బరువు అరికాలంతా సమంగా పంచుకుంటాయని దక్షిణ భారతంలోనే చేసిన ఒక పరిశోధనలో తేలింది. మన దగ్గర సార్వా, దాళ్వా రెండు వరి పంటలకీ చేలో దిగేవాళ్ళని చూడండి. దమ్ము చేసిన బురదలో చెప్పు నిలవదు, వేళ్ళు విప్పి నేలని పట్టుకోవాల్సిందే. కోనసీమలో కొబ్బరి దింపు చేసేవాళ్ళయితే రోజంతా చెట్టుని పాదాలతోనే పట్టుకుంటారు. వాళ్ళ వేళ్ళ మధ్య ఖాళీలు కనబడతాయి. అలాంటి పాదాన్ని ముక్కు సన్నగా ఉన్న బూట్లోకి తొయ్యడం మాకే ఇబ్బందిగా ఉంటుంది.

ఇక్కడ అందరూ చేసే పని, ఒక నంబరు పెద్దది తీసుకోవడం. అది సరైన దారి కాదు. మడమ నుంచి పాదం పొడవులో 72, 73 శాతం దగ్గర వేళ్ళు వంగే చోటు ఉంటుంది. బూటు కూడా సరిగ్గా అక్కడే వంగేలా కుడతారు. పెద్ద నంబరు తీసుకుంటే ఆ వంపు ముందుకి జరుగుతుంది, మీ పాదం ఒకచోట, బూటు ఇంకోచోట వంగుతాయి. మడమ జారి ఒరుసుకుంటుంది, వేళ్ళు ముందుకి జారి పైన ఆనెకాయలు లేస్తాయి. పొడవు అదే ఉంచి, వెడల్పు ఎక్కువున్న మోడల్ అడగండి. పెట్టె మీద ఇంగ్లిషు "ఈ" అక్షరం రెండు మూడు సార్లుంటే వెడల్పు ఎక్కువని. అది దొరక్కపోతే లేసులున్నది, లేదా పైన పట్టీ వదులు చేసుకునే శాండల్ తీసుకోండి.

చదునుపాదం ఉందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

మన ఊళ్ళలో దీనికి కాలువ రేవు మెట్లు చాలు. స్నానం చేసి తడికాళ్ళతో పొడి మెట్టు మీద నిలబడి పక్కకి జరగండి. మడమకీ ముందుభాగానికీ మధ్య సన్నని పట్టీలా తడి కనబడితే మామూలు వంపు. అరికాలంతా నిండుగా పడితే చదునుపాదం. మధ్యలో అసలు తడే లేకుండా రెండు ముక్కలుగా పడితే ఎత్తు వంపు. రేవు దూరమైతే బాత్రూము బయట గచ్చు మీద చూసుకోండి.

అచ్చు నిండుగా పడిందని కంగారు పడొద్దు. మునివేళ్ళ మీద లేచి నిలబడి, వెనక నుంచి ఎవరినన్నా చూడమనండి. అప్పుడు వంపు కనబడితే అది మెత్తటి చదునుపాదం. నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదు. మునివేళ్ళ మీద లేచినా వంపు రాకపోయినా, నొప్పి ఉన్నా, పెద్దయ్యాక ఒక కాలిలోనే కొత్తగా వంపు పడిపోయినా ఎముకల డాక్టరుకి చూపించండి. పాదం ఎత్తు వంపున్నవాళ్ళని ఎవరూ పట్టించుకోరు గానీ, వాళ్ళకే మడమ మీదా వేళ్ళ మొదళ్ళ మీదా బరువు ఎక్కువ పడుతుంది. చెప్పు లోపల వేసుకునే మెత్తటి అట్ట వాళ్ళకే అవసరం.

మా వాడు ఆర్మీకి వెళ్దామనుకుంటున్నాడు. చదునుపాదమైతే తీసుకోరటగా?

తాడేపల్లిగూడెం దగ్గర, సైన్యంలో చేరేవాళ్ళకి పేరుపడ్డ మిలటరీ మాధవరం లాంటి ఊరున్న జిల్లా కదా, ఈ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది! పాదం చూడ్డానికి చదునుగా ఉన్నంత మాత్రాన తీసిపారెయ్యరు. మునివేళ్ళ మీద నిలబడినప్పుడు వంపు తిరిగి కనబడి, పాదం మెత్తగా కదులుతూ, నొప్పి లేకుండా వేళ్ళ మీద పరుగెత్తగలిగితే పనికొస్తాడనే సైన్యం వైద్య నియమాల్లో ఉంది. బిగుసుకుపోయిన చదునుపాదమైతే కష్టం. పరుగు పందెం మొదలయ్యే ముందే ఒక డాక్టరుకి చూపించి తెలుసుకోవడం మంచిది. రెండేళ్ళు ప్రాక్టీసు చేశాక మెడికల్‌లో తెలిస్తే బాధగా ఉంటుంది.

చిన్నపిల్లలకి పాదం చదునుగా ఉంది. ఇప్పటి నుంచే గట్టి బూట్లు వెయ్యాలా?

వద్దు. పసిపిల్లలందరి పాదాలూ అలాగే కనబడతాయి, అరికాల్లో కొవ్వు మెత్తలాగా ఉంటుంది కాబట్టి. వంపు నిదానంగా ఏడెనిమిదేళ్ళ దాకా తేలుతూ ఉంటుంది. మన దేశంలోనే 4 నుంచి 13 ఏళ్ళ మధ్య 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చేసిన ఒక అధ్యయనం 1992లో అచ్చయింది. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదునుపాదాలుంటే, వేసుకోని పిల్లల్లో 2.8 మందికే ఉన్నాయి. బూట్లమ్మేవాళ్ళం మేమే చెబుతున్నాం, ఇంట్లోనూ ఇసుకలోనూ పిల్లల్ని ఉత్తకాళ్ళతో ఆడుకోనివ్వండి. గాజుపెంకులు, మేకులు, అరికాలి చర్మంలోంచి ఒంట్లోకి దూరే కొంకి పురుగులు ఉండే చోట మాత్రం చెప్పులుండాలి.

పిల్లల పాదం ఎంత వేగంగా ఎదుగుతుంది? పెద్దది కొంటే రెండేళ్ళు వస్తుంది కదా?

మొదటి ఏడాది ఎదుగుదల చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆడపిల్లకి ఏడాది నిండేసరికి, మగపిల్లాడికి ఏడాదిన్నరకి, పెద్దయ్యాక ఉండబోయే పాదంలో సగం వచ్చేస్తుంది. ఎత్తు కన్నా ముందు పాదమే పూర్తవుతుంది. ఇందాక చెప్పిన "భా" కోసం తీసిన కొలతల్లో ఆడపిల్లల పాదం సగటున 11 ఏళ్ళకి, మగపిల్లలది 15, 16 ఏళ్ళకి పూర్తి పొడవుకి వచ్చేస్తోందని తేలింది. ఎనిమిదో తరగతి కుర్రాడు బాతులాగా నడుస్తున్నాడని నవ్వకండి, ఒళ్ళు ఇంకా కాళ్ళని అందుకోలేదంతే.

జూన్లో బడి తెరిచేటప్పుడు అమ్మలందరూ రెండు నంబర్లు పెద్ద బూట్లు అడుగుతారు. వేళ్ళ ముందు ఒక సెంటీమీటరు ఖాళీ చాలు. ఎదిగే వయసులో మూడు నాలుగు నెలలకోసారి ఆ ఖాళీ ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూడండి.

అమ్మాయి కాలి రెండో వేలు బొటనవేలి కన్నా పొడవుంది. మొగుణ్ణి ఆడిస్తుందని మా అత్తగారు అంటున్నారు.

ఆడిస్తే ఆడించనివ్వండి, దానికి వేలితో సంబంధం లేదు. మగవాళ్ళలోనూ ఇలాంటి పాదాలున్నాయి, వాళ్ళని ఎవరూ ఏమీ అనరు.

పాదాల్లో మూడు రకాలు ఎక్కువగా కనబడతాయి. బొటనవేలే పొడవుండి మిగతావి వరసగా తగ్గేవి ఒకటి, రెండో వేలు పొడవుండేవి ఒకటి, ముందు వేళ్ళన్నీ సమంగా ఉండేవి ఒకటి. రెండో వేలు పొడవు కనబడటానికి చాలాసార్లు అసలు కారణం ఆ వేలు కాదు, బొటనవేలి వెనక అరికాల్లో ఉండే ఎముక పొట్టిగా ఉండటం. వంశంలో వస్తుంది. ఇబ్బందల్లా చెప్పులు కొనేటప్పుడే. బొటనవేలిని చూసి పొడవు కొలిస్తే రెండో వేలు ముందుకి తగిలి, గోరు నల్లబడుతుంది. ఏ వేలు పొడవైతే అక్కడి నుంచి కొలవాలి.

మెట్టెలు పెట్టుకునేది కూడా ఆ వేలికే కాబట్టి ఇంకో మాట. పెళ్ళినాటి మెట్టెలు పదేళ్ళకి బిగుసుకోవడం మామూలే. వేలు ఉబ్బి మెట్టె కింద చర్మం నొక్కుకుపోతుంటే సబ్బు రాసి తీసి, కంసాలి దగ్గర వదులు చేయించుకోండి. షుగరు ఉన్నవాళ్ళయితే వాయిదా వెయ్యొద్దు.

కాన్పు తర్వాత పాత చెప్పులేవీ పట్టడం లేదు. వాపు ఎప్పుడు తగ్గుతుంది?

వాపు కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ కొంతమందికి పాదం నిజంగానే పెరిగి ఉంటుంది, ముఖ్యంగా మొదటి కాన్పుకి. బరువు పెరగడం, కీళ్ళ దగ్గర పట్టు వదులవడం వల్ల అరికాలి వంపు కాస్త దిగి, పాదం కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది. మళ్ళీ వెనక్కి రాకపోవచ్చు. కాన్పయిన కొన్ని నెలలకి కొత్తగా కొలిపించుకోండి. వయసు పైబడ్డాక మగవాళ్ళకి కూడా పాదం ఇలాగే కొంచెం పరుచుకుంటుంది. 25 ఏళ్ళప్పటి నంబరుని 60 ఏళ్ళకి కూడా పట్టుకు వేలాడొద్దు.

నాకు ఎడమకాలు కొంచెం పెద్దది. జబ్బా?

కాదు. రెండు పాదాలూ అచ్చంగా ఒకే కొలతలో ఉండేవాళ్ళే తక్కువ. పెద్దదానికి సరిపోయే జత తీసుకుని, చిన్నదాంట్లో ఒక అట్ట వేసుకోండి.

ఒక కాలు లావవుతోంది, చెప్పు పట్టీ ఎక్కడం లేదు. పెద్ద సైజు ఇస్తారా?

ఇస్తాం, కానీ ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళిరండి. రెండు కాళ్ళ మధ్య పుట్టుకతో ఉండే తేడా వేరు, కొత్తగా ఒక్క కాలే వాచడం వేరు. మన డెల్టా ఎప్పటినుంచో బోదకాలు ఉన్న ప్రాంతం. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. తరచూ చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడి వాచి తగ్గుతూ ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. మొదట్లో పట్టుకుంటే మందులతో అదుపులో ఉంటుంది. ఊరంతటికీ మాత్రలు పంచే రోజున "నాకేం లేదులే" అని పక్కన పడెయ్యకుండా మింగండి. వాపు వచ్చేసినవాళ్ళు రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోవడమే సగం వైద్యం. ఉన్నట్టుండి ఒక పిక్క వాచి నొప్పెడితే అది రక్తం గడ్డకట్టడం కూడా కావచ్చు, అదే రోజు చూపించాలి.

ఆరు వేళ్ళున్నాయి, రెండు వేళ్ళు కలిసున్నాయి. ఏం కొనాలి?

ఆరో వేలు ఎక్కువగా చిటికెన వేలి పక్కన వస్తుంది. అదృష్టమని కొందరు దాచుకుంటారు, అది వాళ్ళిష్టం. ఆ వైపు మూసుకుపోని శాండల్ తీసుకోవడమే. కలిసిన వేళ్ళు ఎక్కువగా రెండోది, మూడోది. నడకకి ఏ అడ్డూ ఉండదు, బొటనవేలి సందులో పట్టీ ఉండే చెప్పు మామూలుగానే ఎక్కుతుంది. చిటికెన వేలికి మిగతా వేళ్ళలాగా మూడు ఎముకలు కాకుండా రెండే ఉండేవాళ్ళు కూడా బోలెడుమంది. వాళ్ళకి ఆ సంగతే తెలియదు, ఎక్స్‌రే తీస్తే తప్ప.

ఇంట్లో కొలుచుకుని పంపాలంటే ఎలా?

సాయంత్రం కొలవండి. పొద్దున్నకన్నా సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. గోడకి ఆనించి నేల మీద కాగితం పరిచి, మడమ గోడకి తగిలేలా నిలబడండి. కూర్చుని కొలవొద్దు, బరువు పడితేనే పాదం అసలు పొడవు తెలుస్తుంది. వేరేవాళ్ళని పెన్సిలు నిలువుగా పట్టుకుని అన్నిటికన్నా పొడవైన వేలి దగ్గర గీత పెట్టమనండి. పెన్సిలు లోపలికి వాలితే అర సెంటీమీటరు పోతుంది. తర్వాత వేళ్ళ మొదళ్ళ దగ్గర, గుబ్బ నుంచి గుబ్బకి వెడల్పు, అదే చోట దారంతో చుట్టుకొలత. రెండు కాళ్ళకీ చెయ్యండి. కాగితం ఫోటో తీసి పంపితే పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకండి.

రొయ్యల చెరువు మీద పని. గమ్ బూట్లు ఏ సైజు తీసుకోవాలి?

మీ మామూలు సైజే, సాక్సు వేసుకుని చూసి. వదులుగా ఉంటే బురద బూటుని పట్టుకుంటుంది, కాలొక్కటే పైకొస్తుంది. లోపల చెమటకి వేళ్ళ సందులు నాని తెల్లబడి పగులుతాయి. అందుకని మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు విప్పేసి, కాళ్ళు తుడుచుకుని, సాక్సు మార్చండి. షుగరు ఉన్నవాళ్ళు బూటులో కాలు పెట్టే ముందు చెయ్యి పెట్టి తడిమి చూసుకోండి. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే గులకరాయి ఉన్నా వాళ్ళకి తెలియదు.